సీ గ్రాఫిక్స్ లైబ్రరీలు - స్క్రిప్టింగ్ భాషల అనుసంధానం: తెలుగు అక్షరం ఎదుర్కొన్న చరిత్ర

వ్యాససంగ్రహం:

సీ భాషలో రాసిన చిన్న గ్రాఫిక్స్ లైబ్రరీలను పెర్ల్, పీహెచ్‌పీ, పైథాన్ వంటి స్క్రిప్టింగ్ భాషలకు కలపడం 1990ల నుంచి సాగుతున్న పని. బొమ్మలు, పటాలు, ధ్రువపత్రాలు ప్రోగ్రాముల ద్వారా తయారుకావడానికి ఈ అనుసంధానమే ఆధారం. అయితే ఈ మార్గంలో గీసిన బొమ్మలపై తెలుగు అక్షరాలు విడిపోయి కనిపించడం చాలాకాలం కొనసాగింది. దీనికి కారణం ఫాంటులో గాని, యూనికోడ్‌లో గాని లేదనీ, లైబ్రరీకి భాషకు మధ్య ఏ ప్రమేయాన్ని అందించాలన్న ఎంపికలో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. జీడీ, మ్యాప్‌సర్వర్, కైరో, పిల్లో అనే నాలుగు ఉదాహరణల ద్వారా ఆ చరిత్రను పరిశీలించి, ఇందులో తెలుగు శాఖలు చేయవలసిన పనిని సూచిస్తుంది.

కీలకపదాలు: గ్రాఫిక్స్ లైబ్రరీ, స్క్రిప్టింగ్ భాష, అనుసంధానం, అక్షరసంయోజనం, యూనికోడ్, సంయుక్తాక్షరం, మాండలిక పటం.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదులోని బాలానగర్ అనగానే పారిశ్రామికవాడ గుర్తుకు వస్తుంది. మందుల కర్మాగారం ఐడీపీఎల్, విమాన పరికరాల హెచ్‌ఏఎల్, అచ్చులూ పనిముట్లూ రూపొందించడం నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఆ ప్రాంతానికి గుర్తింపు తెచ్చాయి. ఆ వరుసలోనే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది. 1974లో ఏజెన్సీగా ఏర్పడిన ఈ సంస్థ 2008 సెప్టెంబరు 1న ఇస్రో కేంద్రాలలో ఒకటిగా మారింది. భారతీయ దూరసంవేదన ఉపగ్రహాలు పంపే దత్తాంశాన్ని షాద్‌నగర్ భూకేంద్రం అందుకుంటుంది. దాన్ని శుద్ధిచేసి వినియోగదారులకు అందించే బాధ్యత ఈ సంస్థది. 2009లో ప్రారంభమైన భువన్ ద్వారా ఈ చిత్రాలు సామాన్యుల కంప్యూటర్లకూ చేరాయి.

ఉపగ్రహ చిత్రం నిజానికి అంకెల పట్టిక. నేల మీది ఒక్కొక్క చిన్న చదరం నుంచి వచ్చిన కాంతి ఎంతో ఒక్కొక్క అంకె చెబుతుంది. ఆ అంకెలు ఏ లైబ్రరీ నుంచి ఏ భాషకు వెళ్లినా మారవు. అయితే ఆ చిత్రం మీద ఒక ఊరి పేరు రాయవలసి వచ్చినప్పుడు సమస్య మొదలవుతుంది. ‘నల్లగొండ’ అనే మాటలో ‘ల్ల’ అన్నది రెండు అంకెల పక్కపక్క కూర్పు కాదు. అక్కడ ఒక అక్షరం మరొక అక్షరం కింద ఒదగాలి.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక చిన్న అనుభవం. వ్యవసాయ వృత్తిపదాల మీద పనిచేస్తున్న ఒక పరిశోధక విద్యార్థి తాను సేకరించిన పదాలను పటంపై చూపించాలనుకున్నాడు. స్నేహితుడి సాయంతో పైథాన్‌లో చిన్న ప్రోగ్రాము రాయించి, ఊళ్ల స్థానాల దగ్గర పదాలు పడేటట్లు చేశాడు. ‘గుంటక’ చక్కగా వచ్చింది. ‘కర్రు’, ‘గొర్రు’, ‘జడ్డిగం’ మాత్రం ముక్కలుగా విడిపోయాయి. ఫాంటు మార్చి చూశాడు, ఫలితం లేదు. చివరికి ఆ పదాలను రోమన్ లిపిలో పెట్టి సిద్ధాంతవ్యాసం సమర్పించాడు. తెలుగు మాండలికాలపై తెలుగులో రాసిన గ్రంథంలో తెలుగు పదాలు రోమన్ లిపిలో ఎందుకు ఉన్నాయని మౌఖిక పరీక్షలో అడిగితే అతని దగ్గర సమాధానం లేదు. అతని పర్యవేక్షకురాలిగా నా దగ్గరా లేదు. ఆ సమాధానం వెతకడమే ఈ వ్యాస ఉద్దేశం.

2. అనుసంధానం - భావన, నేపథ్యం:

2.1 రెండు రకాల భాషలు:

బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ 1970ల తొలినాళ్లలో రూపొందించిన సీ భాష యంత్రానికి దగ్గరగా ఉంటుంది. వేగం దాని బలం. ఒక గీత గీయడం, ఒక వృత్తం నింపడం, ఒక బొమ్మను కుదించడం వంటి పనులలో లక్షల చుక్కలను ఒక్కసారిగా మార్చవలసి ఉంటుంది కనుక గ్రాఫిక్స్ లైబ్రరీలు ఎక్కువగా సీలోనే వచ్చాయి. 1987లో లారీ వాల్ రూపొందించిన పెర్ల్, 1988లో జాన్ ఔస్టర్‌హౌట్ బర్క్‌లీలో ఆరంభించిన టీసీఎల్, 1991లో గీడో వాన్ రాసమ్ విడుదల చేసిన పైథాన్, 1993లో బ్రెజిల్‌లో పుట్టిన లువా, ఆ తరువాతి పీహెచ్‌పీ, రూబీ ఇందుకు భిన్నమైనవి. వీటిలో రాయడం సులభం, నడవడం నెమ్మది. వీటిని స్క్రిప్టింగ్ భాషలు అంటారు. ఇక్కడ స్క్రిప్టు అంటే లిపి కాదు. నాటకంలో నటులకిచ్చే రాతప్రతి లాంటిది. ఎవరు ఎప్పుడు ఏమి చేయాలో చెప్పేది.

బరువైన పని సీకి, నడిపించే పని స్క్రిప్టింగ్ భాషకు అప్పగించాలన్న ఆలోచనకు ఔస్టర్‌హౌట్ 1998లో ఐఈఈఈ కంప్యూటర్ పత్రికలో రాసిన వ్యాసం సిద్ధాంతరూపం ఇచ్చింది. ఈ రెంటినీ కలిపే పొరను సాంకేతికులు బైండింగ్ అంటారు. మనకు బైండింగ్ అంటే పుస్తకానికి అట్టకట్టు. ఫారాలన్నీ అచ్చయినా కుట్టేటప్పుడు ఒక ఫారం జారిపోతే పాఠకుడికి ఆ పుటలు లేనట్లే. ప్రోగ్రాముల బైండింగ్‌లోనూ జరిగేది అదే. ఈ వ్యాసంలో దాన్ని అనుసంధానం అని వ్యవహరిస్తాను.

2.2 అనుసంధానం చేసే పని:

సీ లైబ్రరీలో ఒక ప్రమేయం ఉందనుకుందాం. అది ఒక చిత్రాన్ని, రెండు అంకెలను, ఒక అక్షరమాలికను తీసుకొని చిత్రంపై ఆ స్థానంలో రాత గీస్తుంది. పైథాన్‌లో అంకె అంటే ఒక వస్తువు. సీలో అంకె అంటే స్మృతిలో కొన్ని గడులు. అనుసంధానం ఆ వస్తువు నుంచి అంకెను తీసి సీకి ఇస్తుంది. అక్షరమాలికను సీ గ్రహించే రూపంలోకి మారుస్తుంది. పని ముగిశాక ఫలితాన్ని తిరిగి పైథాన్ వస్తువుగా చుడుతుంది. ఎవరు కేటాయించిన స్మృతిని ఎవరు విడుదల చేయాలో కూడా అదే చూసుకుంటుంది.

ప్రతి ప్రమేయానికీ ఈ కోడును చేతితో రాయడం శ్రమ. 1995లో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో డేవిడ్ బీజ్లీ ఆరంభించి 1996లో విడుదల చేసిన స్విగ్ అనే సాధనం ఈ శ్రమను తగ్గించింది. లైబ్రరీలోని ప్రమేయాల ప్రకటనలను చదివి, అనుసంధానపు కోడును అదే రాసిపెడుతుంది. దీనివల్ల ఒకే లైబ్రరీ అనేక భాషలకు త్వరగా చేరింది.

ఫ్రాంక్ వార్మర్‌డామ్ 1998లో ఆరంభించిన జీడాల్ ఇందుకు మంచి ఉదాహరణ. ఉపగ్రహ చిత్రాల దత్తాంశాన్ని చదివే ఈ లైబ్రరీ లోపల సీ ప్లస్ ప్లస్‌లో ఉన్నా, బయటికి సీ ప్రమేయాల ముఖాన్ని చూపుతుంది. స్విగ్ ద్వారా పైథాన్‌కు కలిసింది. 1995లో ప్రయోగించిన ఐఆర్‌ఎస్-1సి, 1997లో ప్రయోగించిన ఐఆర్‌ఎస్-1డి ఉపగ్రహాల దత్తాంశం వెలువడే ఫాస్ట్ అనే రూపాన్ని కూడా జీడాల్ చదవగలదు. అంటే మన ఉపగ్రహాలు తీసిన చిత్రాన్ని ప్రపంచంలో ఎక్కడున్న విద్యార్థి అయినా నాలుగు పంక్తుల పైథాన్‌తో తెరవవచ్చు. ఇక్కడ అనుసంధానం పూర్తిగా సఫలమైంది. దాటవలసినవి అంకెలు కావడమే దానికి కారణం.

3. జీడీ లైబ్రరీ - తొలి ఉదాహరణ:

వెబ్‌పుటలకు అప్పటికప్పుడు బొమ్మలు గీసి పంపే అవసరం 1990ల మధ్యలో వచ్చింది. థామస్ బౌటెల్ 1994లో సీ భాషలో రాసిన జీడీ ఆ అవసరాన్ని తీర్చింది. అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ జీవశాస్త్ర ప్రయోగశాల వాతావరణంలో పుట్టిన ఈ చిన్న లైబ్రరీని లింకన్ స్టైన్ పెర్ల్‌కు అనుసంధానించారు. తరువాత అది పీహెచ్‌పీలోకి వచ్చింది. 2002 చివర వెలువడిన పీహెచ్‌పీ 4.3 నుంచి జీడీ ప్రతి ఒకటి పీహెచ్‌పీ మూలంలోనే భాగమైంది. వెబ్‌సైట్ల గణాంక పటాలు, సందర్శకుల లెక్కలు, ధ్రువపత్రాలు ఎన్నో దీనితో తయారయ్యాయి.

జీడీ చరిత్రలో అందరూ చెప్పుకునే ఘట్టం జిఫ్ రూపం మీది పేటెంటు. దాని మూలంగా 1999లో జీడీ నుంచి జిఫ్ రాసే సామర్థ్యాన్ని తీసివేసి పీఎన్‌జీని స్వీకరించారు. 2004లో జిఫ్ తిరిగి వచ్చింది. ఈ మార్పు ప్రపంచమంతా చర్చకు వచ్చింది. తెలుగు పాఠకుడికి అంతకన్నా ముఖ్యమైన మరొక విషయం చర్చకు రాలేదు. అది జీడీ రాత గీసే పద్ధతి.

ఫాంటులోని ఆకృతులను చుక్కలుగా మార్చడానికి జీడీ ఫ్రీటైప్ అనే మరొక సీ లైబ్రరీని వాడుతుంది. ఇచ్చిన అక్షరమాలికలోంచి ఒక్కొక్క సంకేతాన్ని తీసుకుంటుంది. ఫాంటులో ఆ సంకేతానికి ఏ ఆకృతి ఉందో ఫ్రీటైప్‌ను అడుగుతుంది. ఆ ఆకృతిని గీసి, దాని వెడల్పు మేరకు ముందుకు జరిగి, తరువాతి సంకేతాన్ని తీసుకుంటుంది. ఒక సంకేతానికి ఒక ఆకృతి, ఎడమ నుంచి కుడికి వరుస. ఇంగ్లీషుకు ఇది చాలు. ఫ్రీటైప్ తన బాధ్యత ఆకృతులను అందించడం వరకేనని ముందే చెబుతుంది. వాటిని భాషానుసారం కూర్చడం దాని పని కాదు. ఆ పనిని జీడీ కూడా చాలాకాలం తలకెత్తుకోలేదు. పెర్ల్, పీహెచ్‌పీ అనుసంధానాలు జీడీలో ఉన్నదాన్నే అందించాయి.

4. తెలుగు అక్షరం - సంకేతం, ఆకృతి:

యూనికోడ్ 1991లో వెలువడిన తొలి సంచిక నుంచే తెలుగుకు స్థానం కల్పించింది. భారతీయ ప్రమాణమైన ఇస్కీ అమరికను అనుసరించి 128 స్థానాల గడి కేటాయించింది. అందులో అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న, విసర్గ మొదలైనవి ఉన్నాయి. ఒత్తులకు విడి సంకేతాలు లేవు. పొల్లు తరువాత హల్లు వస్తే ఒత్తు అని గ్రహించాలి. ఇది మన వర్ణక్రమ దృష్టికి అనుగుణమైన ఏర్పాటే. హల్లు, హల్లు, అచ్చు కలిసి ఒక అక్షరం అవుతుందని మన వ్యాకరణాలూ చెబుతాయి.

‘స్త్రీ’ అనే అక్షరాన్ని తీసుకుందాం. నిల్వలో ఇది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. కనిపించేటప్పుడు చివరి సంకేతమైన గుడిదీర్ఘం మొదటి అక్షరమైన సకారం తలమీదికి వెళ్లాలి. సకారపు తలకట్టు తొలగిపోవాలి. తకార రకారాలు ఒత్తులుగా మారి కిందికి, పక్కకు ఒదగాలి. రెండు పొల్లులూ కనుమరుగు కావాలి. అంటే ఆరు సంకేతాల వరుస మూడు ఆకృతుల అమరికగా మారుతుంది. ఐత్వంలో దీనికి విపర్యయం కనిపిస్తుంది. ‘కై’లో ఐత్వానికి సంకేతం ఒక్కటే; అది పైన ఒక గుర్తుగా, కింద ఒక గుర్తుగా చీలుతుంది.

సంకేతాల వరుసను ఆకృతుల అమరికగా మార్చే ఈ ప్రక్రియను ఇక్కడ అక్షరసంయోజనం అంటున్నాను. లోహపు అచ్చుల కాలంలో ఈ జ్ఞానం కంపోజిటరు చేతిలో ఉండేది. ఏ అక్షరానికి ఏ ఒత్తు ఎక్కడ ఒదుగుతుందో అతనికి అలవాటుగా తెలుసు. కంప్యూటరులో ఆ జ్ఞానం రెండు చోట్లకు పంపిణీ అయింది. మైక్రోసాఫ్ట్, అడోబి 1996లో ప్రకటించిన ఓపెన్‌టైప్ ఫాంటులో ఆకృతుల మార్పుల పట్టికలు ఉంటాయి. ఆ పట్టికలను ఎప్పుడు, ఏ క్రమంలో వర్తింపజేయాలో తెలిసినది సంయోజకం అనే వేరొక లైబ్రరీ. విండోస్‌లో యూనిస్క్రైబ్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో పాంగో, హార్ఫ్‌బజ్ అటువంటివి. పాంగో 1999లో ఆరంభమైంది. హార్ఫ్‌బజ్ పేరు ఓపెన్‌టైప్ అన్న మాటకు పర్షియన్ అనువాదం.

దీన్నిబట్టి మా విద్యార్థి పటానికి ఏమి జరిగిందో చెప్పవచ్చు. ఫాంటులో పట్టికలు ఉన్నాయి. సంకేతాలు సరిగానే ఉన్నాయి. వాటి మధ్య సంయోజకం లేదు. ‘గుంటక’లో ఒత్తులు లేవు; కొమ్ము, సున్న పక్కనే పడే గుర్తులు కనుక సంయోజనం లేకున్నా పదం బాగానే కనిపించింది. ‘కర్రు’లో ఒత్తు ఉంది కనుక విడిపోయింది. ఈ అసమానత గమనించదగినది. కొన్ని పదాలు సరిగా రావడం వల్ల తప్పు ఫాంటుదనో, టైపు చేసినవారిదనో అనిపిస్తుంది. అసలు లోపం చూపుకు ఆనదు.

5. ఫాంటు సంకేతాల కాలం - ఒక వైరుధ్యం:

యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగు డీటీపీలోనూ, దినపత్రికల వెబ్‌సైట్లలోనూ సొంత సంకేతాల ఫాంటులు నడిచాయి. వాటిలో రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను ఉంచేవారు. తలకట్టు, గుడి, ఒత్తు ఒక్కొక్కటి ఒక్కొక్క స్థానంలో ఉండేవి. ఒక ఫాంటులో రాసినది మరొక ఫాంటులో చదవడానికి వీలుపడేది కాదు. వెతకడం, అకారాదిగా అమర్చడం సాధ్యమయ్యేవి కావు. ఆ పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపడానికి వెన్న నాగార్జున పద్మ అనే సాధనాన్ని రూపొందించవలసి వచ్చింది.

అయినప్పటికీ ఆ ఫాంటులకు ఒక సౌలభ్యం ఉండేది. ముక్కకు ఒక సంకేతం కనుక జీడీ వంటి లైబ్రరీకి అవి సరిపోయేవి. సంయోజనం అప్పటికే టైపు చేసేవారి చేతిలో జరిగిపోయేది. లైబ్రరీ వరుసగా గీస్తే చాలు. యూనికోడ్ వచ్చి వర్ణక్రమాన్ని నిలబెట్టింది. దానితోపాటు సంయోజన బాధ్యతను టైపు చేసేవారి నుంచి యంత్రానికి బదిలీ చేసింది. విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో 2001లో ఆ బాధ్యతను స్వీకరించింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంటులు ఆ తరం రచయితలకు చేయూత అయ్యాయి. తెరమీద తెలుగు బాగుపడింది. స్క్రిప్టు ద్వారా గీసిన బొమ్మమీద మాత్రం తెలుగు మునుపటికంటె దిగజారింది. ప్రమాణాన్ని పాటించినవాడే నష్టపోవడం ఇందులోని వైరుధ్యం. కొన్ని కార్యాలయాలు, ముద్రణశాలలు పాత ఫాంటులను ఎందుకు వదలలేదన్న ప్రశ్నకు అలవాటు ఒక్కటే సమాధానం కాదని దీనివల్ల గ్రహించవచ్చు.

6. పటాలపై పేర్లు - మ్యాప్‌సర్వర్:

పటాల రంగంలో ఇదే కథ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. మినెసోటా విశ్వవిద్యాలయంలో నాసా సహకారంతో 1990ల మధ్యలో రూపుదిద్దుకున్న మ్యాప్‌సర్వర్ సీ భాషలో రాసినది. వెబ్‌లో పటం గీసి పంపడం దాని పని. బొమ్మ గీయడానికి అది జీడీనే ఆశ్రయించింది. దాని ప్రమేయాలను మ్యాప్‌స్క్రిప్ట్ పేరిట స్విగ్ ద్వారా పెర్ల్, పైథాన్ మొదలైన భాషలకు అందించారు. కనుక జీడీలోని ఒక సంకేతం - ఒక ఆకృతి అనే ఊహ మ్యాప్‌సర్వర్‌లోకి, అక్కడినుంచి దాన్ని వాడే స్క్రిప్టులలోకి ప్రవహించింది.

2015లో వెలువడిన మ్యాప్‌సర్వర్ 7.0లో రెండు మార్పులు ఒకేసారి జరిగాయి. జీడీ ఆధారిత చిత్రణను తొలగించారు. పటంపై పేర్లు రాసే భాగాన్ని మళ్లీ రాసి హార్ఫ్‌బజ్‌ను చేర్చారు. బయటి స్క్రిప్టు రాసేవారు తమ రాతలో తెలుగు కోసం ప్రత్యేకంగా ఏమీ మార్చనక్కరలేకుండానే ఊరి పేరు అక్షరంగా కూడుకునే వీలు కలిగింది. అంటే అడ్డంకి స్క్రిప్టింగ్ భాషలో లేదు. లోపలి లైబ్రరీకి తెలిసిన ప్రపంచం ఎంతో, బయటి భాషకు అందే ప్రపంచం అంతే.

7. కైరో, రాక్మ్, పిల్లో:

7.1 ఆటబొమ్మ ప్రమేయం:

కీత్ ప్యాకార్డ్, కార్ల్ వర్త్ 2003 ప్రాంతంలో ఆరంభించిన కైరో అనే సీ లైబ్రరీలో రాత గీయడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి సులభమైన ప్రమేయం. అక్షరమాలిక ఇస్తే గీస్తుంది. దాని సొంత వివరణ పత్రమే దాన్ని ఆటబొమ్మ అని పేర్కొంటుంది. రెండవ మార్గం పాంగో ద్వారా సంయోజనం జరిపి, వచ్చిన ఆకృతులను కైరోకు ఇవ్వడం. తెలుగుకు రెండవ మార్గమే శరణ్యం. అయితే పైథాన్ అనుసంధానంలో ఆటబొమ్మ ప్రమేయం కైరోతోనే వస్తుంది. పాంగోను వేరే అనుసంధానం ద్వారా తెచ్చుకోవాలి. నేర్చుకునేవాడు సహజంగా దగ్గరలో ఉన్నదాన్నే వాడతాడు. లైబ్రరీ రచయితలు హెచ్చరించినా, ఆ హెచ్చరిక స్క్రిప్టు రాసేవాడి వరకు రాదు.

2013లో మొదలైన రేలిబ్ అనే సీ లైబ్రరీ మరొక ఉదాహరణ. ఆటల ప్రోగ్రాములు నేర్పడానికి పుట్టిన ఈ లైబ్రరీ చిన్నది, సరళమైనది కనుక పదుల కొద్దీ భాషలకు అనుసంధానమైంది. దాని సొంత రాత ప్రమేయాలూ సంకేతానికి ఒక ఆకృతి పద్ధతినే పాటిస్తాయి. ఎన్ని భాషలకు చేరితే అన్ని భాషలలోనూ తెలుగు అదే విధంగా విడిపోతుంది.

7.2 ఒమన్ నుంచి వచ్చిన సాయం:

పైథాన్‌లో బొమ్మల పనికి ప్రసిద్ధమైనది ఫ్రెడ్రిక్ లుంద్ 1995లో ఆరంభించిన పిల్. దానినుంచి 2010లో చీలి కొనసాగుతున్నది పిల్లో. దీని రాత పద్ధతి కూడా తొలుత జీడీ వంటిదే. 2017లో వెలువడిన 4.2 సంచికలో రాక్మ్ అనే చిన్న సీ లైబ్రరీని చేర్చుకునే వీలు కల్పించారు. రాక్మ్ మూల హక్కు ప్రకటన 2015 నాటిది, ఒమన్ దేశపు సమాచార సాంకేతిక ప్రాధికార సంస్థది. అరబిక్ లిపిని బొమ్మలపై సరిగా రాయడం దాని తొలి అవసరం. హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్, వాక్యదిశను నిర్ణయించే ఫ్రీబిడీ అనే మూడు లైబ్రరీలను ఒక్క ముఖం వెనుక కూర్చి, ఒక అక్షరమాలిక ఇస్తే ఆకృతుల వరుసను తిరిగి ఇస్తుంది. అరబిక్ కోసం కట్టిన ఈ మార్గం మీదుగానే పిల్లోలో తెలుగు కూడుకుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. 8.2 సంచిక నుంచి పిల్లో సిద్ధప్రతులలో రాక్మ్ కలిసే వస్తుంది. ఫ్రీబిడీని మాత్రం ప్రోగ్రాము నడిచే సమయంలో వాడుకరి కంప్యూటరులో వెతుకుతుంది. అది లేకపోతే రాక్మ్ పనిచేయదు. పిల్లో పాత పద్ధతికి మౌనంగా తిరిగిపోతుంది. ఫ్రీబిడీ ప్రధానంగా కుడి నుంచి ఎడమకు రాసే లిపుల కోసం ఉన్నది. ఎడమ నుంచి కుడికి రాసే తెలుగుకు దాని అవసరం లేదు. అయినా అది లేని విండోస్ కంప్యూటరులో తెలుగు విడిపోతుంది, ఎటువంటి దోషసూచనా ఉండదు. మా విద్యార్థి కంప్యూటరులో జరిగింది ఇదేనని తరువాత తేలింది. అందుకే ఫాంటు మార్చినా ఫలితం లేకపోయింది.

ఈ మౌనాన్ని ఛేదించే ఉపాయం ఒకటి ఉంది. రాత గీసే ప్రమేయానికి భాష తెలుగు అని స్పష్టంగా చెబితే, రాక్మ్ అందుబాటులో లేనప్పుడు పిల్లో దోషం ప్రకటించి ఆగిపోతుంది. విరిగిన అక్షరంతో అచ్చయిన పటం కంటె ఆగిపోయిన ప్రోగ్రాము మేలు. రాక్మ్ ఉన్నదో లేదో ముందుగా అడిగి తెలుసుకునే వీలు కూడా పిల్లోలో ఉంది.

8. మరో వైపు - 2018 నాటి ‘జ్ఞా’:

సంయోజకం ఉన్నచోట సమస్య తీరిపోయిందని కూడా భావించరాదు. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో ఒక తెలుగు అక్షరం కనబడితే చాలు, సందేశాల యాప్‌లు మూతపడిన ఉదంతం ప్రపంచ వార్త అయింది. జ, పొల్లు, ఞ, వెడల్పు లేని విభాజకం, దీర్ఘం అనే వరుసను సంయోజకం తట్టుకోలేకపోయింది. ఆ నెల 19న వచ్చిన 11.2.6 సంచికతో దాన్ని సవరించారు. అప్పటి వార్తలు చాలావరకు దీన్ని వింత అక్షరంగా వర్ణించాయి. ‘జ్ఞానం’ మనకు బడిలో నేర్చిన మాట. అది ఇతరులకు వింత కావడం, విడుదలకు ముందు చేసే పరీక్షలలో అటువంటి వరుసలు తగినంతగా లేవనడానికి సూచన.

9. తెలుగు శాఖల కర్తవ్యం:

ఇది సాంకేతికుల పని కదా అన్న అభిప్రాయం మన శాఖలలో ఉంది. అయితే పై చరిత్రలో ప్రతి మలుపులోనూ కొరతబడినది ప్రోగ్రాము రాసే నేర్పు కాదు. అక్షరం గురించిన జ్ఞానం. ఆ జ్ఞానం మన దగ్గర ఉంది. నకారపొల్లు ఇందుకు నిదర్శనం. ప్రాచీన ముద్రణలలో, రాతప్రతులలో కనిపించే ఆ రూపానికి యూనికోడ్ 14.0లో, 2021లో, ప్రత్యేక స్థానం లభించింది. పాత గ్రంథాలను చదివినవారి సాక్ష్యం లేకుండా అటువంటి చేర్పు జరగదు.

మనం చేయగలిగిన మొదటి పని పరీక్షా పదాల పట్టిక. ద్విత్వాలకు ‘నల్లగొండ’, సంయుక్తాలకు ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘వాఙ్మయం’, వట్రుసుడికి ‘కృష్ణ’, చీలే గుర్తుకు ‘కై’, విభాజకానికి ‘ఫేస్‌బుక్’, అరసున్నకు, శకటరేఫకు, వలపలగిలకకు పాత పాఠాల పదాలు ఎంచి, ఒక్కొక్కటి ఎలా కనిపించాలో బొమ్మతో సహా ఇవ్వవచ్చు. కొత్త అనుసంధానం వచ్చినప్పుడల్లా ఆ పట్టికతో పరీక్షించవచ్చు. రెండవది, పరిశోధక విద్యార్థుల పద్ధతిశాస్త్ర పాఠంలో యూనికోడ్ నిల్వకూ తెరమీది రూపానికీ ఉన్న భేదాన్ని చేర్చడం. 1962లో వెలువడిన భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం సంప్రదాయంలో ఇప్పుడు జరిగే సేకరణలన్నీ పటాలుగానే రూపొందుతాయి. పదం పటంపై తన లిపిలో నిలవకపోతే ఆ సేకరణ సగమే.

మూడవది మరింత అత్యవసరం. అచ్చుపుటలను చదివే ఓసీఆర్ ప్రోగ్రాములకు శిక్షణ ఇవ్వడానికి స్క్రిప్టులతో కృత్రిమంగా పదాల బొమ్మలు తయారుచేసే పద్ధతి ఉంది. ఆ బొమ్మలు సంయోజనం లేని మార్గంలో తయారైతే, యంత్రం విరిగిన అక్షరాన్నే తెలుగుగా నేర్చుకుంటుంది. పాత గ్రంథాలను అది తప్పుగా చదువుతుంది. ఒక పటంపై పడిన తప్పు కంటికి కనిపిస్తుంది. శిక్షణలో దూరిన తప్పు వేల పుటల పాఠంలో కలిసిపోతుంది.

ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. బొమ్మలపై తెలుగు విడిపోవడానికి ప్రధాన కారణం ఫాంటు గాని, యూనికోడ్ గాని కాదు. సంయోజకం లేని రాత ప్రమేయం స్క్రిప్టింగ్ భాషకు చేరడమే.

2. అనుసంధానం లైబ్రరీలోని ఊహలను కూడా మోసుకుపోతుంది. జీడీలోని ఒక సంకేతం - ఒక ఆకృతి అనే ఊహ పెర్ల్, పీహెచ్‌పీ, మ్యాప్‌సర్వర్‌ల వరకు సాగింది.

3. యూనికోడ్‌కు మారిన తొలి దశలో ఈ రంగంలో తెలుగు కొంత నష్టపోయింది. ఆ నష్టాన్ని పూడ్చిన హార్ఫ్‌బజ్, రాక్మ్ వంటి సాధనాలకు చోదకశక్తి ఎక్కువగా ఇతర లిపుల అవసరం.

4. సామర్థ్యం ఉన్నా ఐచ్ఛికంగా ఉండటం వల్ల, లోపాన్ని ప్రకటించకపోవడం వల్ల వాడుకరికి అది అందకపోవచ్చు.

5. తెలుగు అక్షర నిర్మాణాన్ని పరీక్షించదగిన రూపంలో అందించడం భాషాశాఖల బాధ్యత.

మా విద్యార్థి ఫ్రీబిడీని అమర్చుకొని ఆ పటాన్ని మళ్లీ గీశాడు. సిద్ధాంతవ్యాసం అప్పటికే గ్రంథాలయానికి చేరింది కనుక అందులోని రోమన్ పదాలు అలాగే ఉన్నాయి. పుస్తకంగా వేసేటప్పుడు కొత్త పటం చేరుతుంది. అందులో ‘జడ్డిగం’ జడ్డిగంగానే కనిపిస్తుంది. ‘డ’ కింద మరొక ‘డ’ ఒదిగి ఉంది.